గీకేసిన పేరు

మా ఓల్‌స్కోవ్‌లో "ఏడుగురి సంతానం" అంటే ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. గుడ్రూన్ అత్త వాళ్ళు. నూట నలభై ఏళ్ళ కిందట ఆమె అమ్మమ్మ తల్లి ఆనె పెళ్ళికాకుండా బిడ్డను కన్నదట. తండ్రి ఎవరని పాస్టరు అడిగితే ఏడుగురి పేర్లు చెప్పిందట. ఆ ఏడుగురినీ ఎవరు లెక్కపెట్టారో నాకు తెలియదు. కానీ బడిలో గుడ్రూన్ అత్త వెనకాల పిల్లలు ఏడు వేళ్ళు చూపించేవారు. తరవాత ఆమె కూతురి వెనకాలా చూపించారు. ఆ కూతురు నా ఈడుది, నా పక్కనే కూర్చునేది. నేనూ ఒకసారి చూపించాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే ఈ కథలో నేను తిట్టబోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. నన్ను నేను వదిలేసుకున్నానని ఎవరూ అనకూడదు.

నా పేరు తూరా. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో చేశాను. ఎంత చెడ్డ చేతిరాతైనా చదవగలనన్న పేరు అక్కడే వచ్చింది. రిటైరయ్యాక మంగళవారం మంగళవారం పాత బడి వెనక గదిలో ఉన్న మా ఊరి చరిత్ర సంఘం ఆఫీసులో కూర్చుంటున్నాను. తాతముత్తాతల పుట్టుకలు, చావులు వెతుక్కుంటూ జనం వస్తారు. పాత లిపిలో ఉన్న చర్చి పుస్తకాలు నేను చదివి చెబుతాను. అందరికీ రాజుల వంశం దొరుకుతుందని ఆశ. దొరికేది గొర్రెల కాపరులు, కూలీలు, ముక్కుపచ్చలారని బిడ్డల చావులు.

ఇది 1987లో మాట. మా సంఘం "ఓల్‌స్కోవ్ గడపలు, మనుషులు" అని ఒక పుస్తకం వేస్తోంది. రాసింది సంఘం అధ్యక్షుడు ప్రేబెన్ స్టెన్స్‌గోర్. హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాడు, నాతో కలిసి చదువుకున్నవాడు, ఊళ్ళోకెల్లా పెద్దదైన స్టెన్స్‌గోర్ కమతం వాళ్ళదే. అచ్చుకు వెళ్ళేముందు తప్పులు చూడమని ఫిబ్రవరిలో కాగితాలు నాకిచ్చాడు. అరవై మూడో పేజీలో, వాళ్ళ కమతం గురించి రాసినచోట, ఇలా ఉంది: "1843లో ఇక్కడి పనిమనిషి ఆనె మరీ ఒక ఆడపిల్లను కన్నది. తండ్రులుగా పలువురి పేర్లు చెప్పింది."

ఇంతే. ఆనె గురించి ఈ రెండు వాక్యాలే. స్టెన్స్‌గోర్ వాళ్ళ ఎద్దులకు మాత్రం ఒకటిన్నర పేజీ ఉంది.

నేను కాగితాలు సంచిలో పెట్టుకుని వృద్ధుల ఇంటికి వెళ్ళాను. గుడ్రూన్ అత్తకు అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. కళ్ళు బాగానే ఉన్నాయి, కాళ్ళు, గుండె రెండూ మొరాయించాయి. నేను చదివి వినిపిస్తుంటే ఆమె బిస్కట్టు కాఫీలో ముంచుకుని తింటూ వింది.

"పలువురా? మా అమ్మమ్మ మెట్టె మొహం నాకు బాగా గుర్తు. ఒక్కటే ముక్కుండేది. ఆ ముక్కే ప్రేబెన్‌కీ ఉంది, చూశావా ఎప్పుడైనా?"

"ముక్కు చూపిస్తే పుస్తకంలో వెయ్యరత్తా."

"తెలుసు పిల్లా. అందుకే కాగితం వెతకమంటున్నా." నాకు అరవై ఆరేళ్ళు. నన్ను పిల్లా అనేది ఆవిడొక్కతే. కప్పు పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ నోటిమాట. నోటిమాటకి నేను కూడా నోటితోనే జవాబు చెప్పా. అచ్చులో పడితే ఎవరితో తగువాడను? ఆగస్టులో మా మునిమనవరాలు సిసెల్ బడిలో చేరుతోంది. ఈ పుస్తకం బడి లైబ్రరీలో ఉంటుంది. దాని వెనకాల కూడా వేళ్ళు లేస్తాయి. అదొక్కటి ఆపు, చాలు."

మర్నాడే మైక్రోఫిల్ము మిషన్ ముందు కూర్చున్నాను. పాస్టరు పుస్తకం, 1843, ఆడపిల్లల పుట్టుకలు. మెట్టె దొరికింది. తండ్రి పేరు గడిలో "పలువురు" అనే ఉంది. కానీ పోస్టాఫీసు కళ్ళు ఊరుకుంటాయా. ఆ గడి ఒక్కటీ చుట్టూ ఉన్న కాగితం కంటే తెల్లగా ఉంది. సిరా వేరు, పాళీ వేరు. కింద ఉన్న అక్షరాలను చాకుతో గీకి, పల్చబడ్డ చోట కొత్తమాట రాశారు. పక్కనే ఇంకో గడి ఉంది, పురుడయ్యాక తల్లిని మళ్ళీ చర్చిలోకి తీసుకున్న తేదీ రాసేది. పెళ్ళైన ఆడవాళ్ళందరికీ తేదీలున్నాయి. ఆనెకు అడ్డగీత.

ఒళ్ళు మండిపోయింది. ప్రేబెన్‌కు ఫోన్ చేశాను.

"బడిపంతులు పుస్తకం చూశావా నువ్వు?" అని అడిగాను.

మా దేశంలో 1814 నుంచి రాజాజ్ఞ ఒకటి ఉంది. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రెండు పుస్తకాల్లో రాయాలి. ఒకటి పాస్టరు ఇంట్లో, ఒకటి బడిపంతులు ఇంట్లో. పొద్దుపోయాక ఆ రెండూ ఒకే కప్పు కింద ఉండకూడదు. ఒక ఇల్లు తగలబడినా ఇంకొకటి మిగలాలని.

"రెండూ ఒకటే తూరా," అన్నాడు ప్రేబెన్, తరగతిలో చివరి బెంచీకి చెప్పినట్టు ఓపిగ్గా. "ఏడాది చివర పాస్టరు, పంతులు ఎదురెదురుగా కూర్చుని రెండూ పోల్చేవాళ్ళు. పేజీ అడుగున ఉంటుందిగా, 'పోల్చి చూశాము, సరిపోయింది' అని, ఇద్దరి సంతకాలతో. మళ్ళీ దానికోసం విబోర్గ్ దాకా బస్సులో పడి పోతావా? అసలే నడుంనొప్పి నీకు."

నా నడుంనొప్పి మీద ఇతగాడికి అంత శ్రద్ధ ఎప్పట్నుంచి అని అప్పుడే అనుకోవలసింది. అనుకోలేదు. ఎందుకంటే మేమందరం చేసే పొరపాటే అది. పూర్వీకులను వెతికే ప్రతివాళ్ళూ పాస్టరు పుస్తకం చూస్తారు, అడుగున సంతకాలు చూస్తారు, రెండోది చూడ్డం దండగని లేచిపోతారు. నేనూ ఎంతమందికి ఆ మాట చెప్పి పంపించానో. నా మీద నాకే కోపం వచ్చింది. నడుముకి గుడ్డ బిగించుకుని బస్సెక్కాను.

విబోర్గ్ రికార్డుల ఆఫీసులో పంతులు పుస్తకం నా ముందు పెట్టారు. బల్ల మీద పెన్ను పెట్టకూడదు, పెన్సిలే. పంతులుది గుండ్రటి రాత, పిల్లలకు దిద్దబెట్టే రాత. 1843. మెట్టె. తల్లి, పనిమనిషి ఆనె మరీ. తండ్రి అని తల్లి చెప్పినవాడు: కమతందారు నీల్స్ క్రిస్టియన్ స్టెన్స్‌గోర్.

ఒక్కడు. ఏడుగురు కాదు, పలువురు కాదు. ఒక్కడు, పెళ్ళాం పిల్లలున్నవాడు, ఆనె ఎవరి వంటింట్లో పనిచేసేదో ఆ ఇంటి యజమాని.

పేజీ అడుగున "పోల్చి చూశాము, సరిపోయింది" అని ఉంది. పాస్టరు సంతకం, పంతులు సంతకం, 1843 డిసెంబరు ఆఖరు. ఆ లైను రెండోసారి చదివాను. ఆ రోజున రెండూ సరిపోయాయి. అంటే ఆ రోజున పాస్టరు పుస్తకంలోనూ నీల్స్ క్రిస్టియన్ పేరే ఉంది. చాకు ఆ తరవాత వచ్చింది. రెండోది చూడక్కర్లేదని ప్రేబెన్ ఏ సంతకాలు చూపించాడో, ఆ సంతకాలే దొంగను పట్టిచ్చాయి.

మా చర్చిలో బల్ల మీద రెండు ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలున్నాయి. అడుగున చెక్కి ఉంటుంది: "ఎన్. సి. స్టెన్స్‌గోర్ సమర్పించినవి, 1844". నా బాప్తిస్మం, నా పెళ్ళి, మా ఆయన అంత్యక్రియలు, అన్నీ ఆ స్తంభాల ముందే జరిగాయి. పాస్టరుకు ఎవరు ఏమిచ్చారో నేను చూడలేదు, చూసినట్టు చెప్పను. తేదీలు మాత్రం చదవగలను.

పుస్తకం మూసి తిరిగి ఇచ్చేయబోతుంటే అట్ట లోపల అంటించిన కాగితం కనిపించింది. ఆ పుస్తకం చదివిన ప్రతివాళ్ళూ అందులో పేరు, తేదీ రాసి సంతకం పెట్టాలి. నేనూ పెట్టాలి కదా. నా పైన ఒకే ఒక్క సంతకం ఉంది, నాలుగేళ్ళ కిందటిది. ప్రోగ్రెస్ రిపోర్టుల మీద ఊరంతా చూసిన సంతకం.

ప్రేబెన్ చూశాడు. చూసి, "పలువురు" అని రాశాడు.

నాకు ఏడుపు కూడా వచ్చింది. పాత పాస్టరు సంగతి వేరు, వాడెవడో, ఎప్పుడో పోయాడు. వీడు నా పక్క బెంచీలో కూర్చున్నవాడు. గుడ్రూన్ అత్త పెంచిన స్ట్రాబెర్రీలు దొంగిలించి తిన్నవాడు, ఆమె చేత్తోనే దెబ్బలు కూడా తిన్నవాడు.

ఫోటోకాపీలు పోస్టులో వచ్చేసరికి సంఘం వార్షిక సమావేశానికి ఆరు రోజులే మిగిలాయి. ప్రతిపాదన ఏదైనా ఎనిమిది రోజుల ముందు రాసి ఇవ్వాలని మా నిబంధన. సమావేశం తరవాతి సోమవారం పుస్తకం అచ్చుకు వెళుతుంది.

"నిబంధన నేను పెట్టింది కాదు తూరా," అన్నాడు ప్రేబెన్. "చివర్లో 'ఇతర విషయాలు' ఉంటుందిగా. అప్పుడు చెప్పుకో, ఎవరొద్దన్నారు."

మా వాళ్ళ సంఘాల సంగతి తెలియని వాళ్ళకు ఇందులో ఉన్న తెలివి అర్థం కాదు. "ఇతర విషయాల" కింద ఎవరైనా ఏదైనా మాట్లాడవచ్చు, దేని మీదా నిర్ణయం చెయ్యకూడదు. నోరు తెరవనిస్తారు, చెయ్యెత్తనివ్వరు.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఊరి హాల్లో నలభై మంది చేరారు. గుడ్రూన్ అత్తను చక్రాల కుర్చీలో నేనే తోసుకొచ్చాను. గొంతు దగ్గర వెండి పిన్ను పెట్టుకుంది, పెళ్ళికి వచ్చినట్టు. లెక్కలయ్యాయి, ఎన్నికలయ్యాయి, ప్రేబెన్‌ను మళ్ళీ అధ్యక్షుణ్ణి చేసి చప్పట్లు కొట్టారు. కాఫీ, కేకు అయ్యాయి. అప్పుడు నా వంతు వచ్చింది.

లేచి రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి చదివాను. గీకిన గడి, గీకని గడి, డిసెంబరు సంతకాలు. బేకరీ నడిపే విగ్గో దగ్గాడు.

"చాలా ఆసక్తిగా ఉంది," అన్నాడు ప్రేబెన్. "అయితే పాస్టరు పుస్తకం అసలు, పంతులుది నకలు. పాస్టరుకు తరవాత కొత్త సమాచారం ఏదైనా అంది ఉండొచ్చు."

"ఎవరందించారు? కొవ్వొత్తి స్తంభాలా?"

వెనక ఎవరో నవ్వి ఆపుకున్నారు. ప్రేబెన్ మెడ ఎర్రబడింది. "చచ్చిపోయిన మనిషి తూరా. తన తరఫున చెప్పుకోలేడు. అలాంటివాడి మీద నింద వెయ్యడం..."

"ఆనె బతికుందా? ఆవిడ మీద వెయ్యచ్చా? నాలుగేళ్ళ కిందట పంతులు పుస్తకం చదివావు నువ్వు. నీ సంతకం ఉంది అట్టలో. ఏడుగురు కాదని ఈ హాల్లో అందరికంటే ముందు తెలిసింది నీకే. తెలిసి కూడా మళ్ళీ అదే రాశావు."

"నేను చాలా పుస్తకాలు చదువుతాను."

అప్పుడు గుడ్రూన్ అత్త మాట్లాడింది. గొంతు పెద్దది కాదు, అందరూ ముందుకు వంగారు.

"ప్రేబెన్, నీ ముత్తాతే నాకూ ముత్తాత. భయపడకు నాయనా, నీ పొలం నాకొద్దు, ఏం చేసుకోను, చక్రాల కుర్చీ బురదలో దిగబడుతుంది. ఆ పేరు ఒక్కసారి నీ నోటితో చదువు, అచ్చులో వెయ్యి. మా అమ్మ ఈ ఊళ్ళో తలొంచుకుని నడిచింది. ఆమె ఏం చేసిందని?"

ప్రేబెన్ గడియారం చూసుకున్నాడు. నిజంగా చూసుకున్నాడు. "థాంక్స్ గుడ్రూన్. ఈ అంశం కింద నిర్ణయాలు చెయ్యడానికి వీల్లేదని అందరికీ తెలుసు. ఇక ఆనవాయితీ ప్రకారం పాటతో ముగిద్దాం. పాటల పుస్తకం, నూట పన్నెండో పేజీ."

నలభై మందీ పేజీలు తిప్పారు. పియానో మోగింది. వసంతం గురించి, మన మంచి నేల గురించి మూడు చరణాలూ పాడారు. నూట నలభై ఏళ్ళ అన్యాయం కళ్ళముందు పరిచి పెడితే పాట పాడారు. నా కోపం ప్రేబెన్ మీద కంటే ఆ నలభై నోళ్ళ మీద ఎక్కువ. రెండో చరణంలో చూసుకుంటే నా నోరు కూడా కదులుతోంది. చిన్నప్పట్నుంచి పడిన అలవాటు. సిగ్గుతో చచ్చిపోయాను. గుడ్రూన్ అత్త ఒక్కతే నోరు మూసుకుని కూర్చుంది.

మే నెలలో పుస్తకం వచ్చింది. గట్టి అట్ట, రంగుల బొమ్మ. అరవై మూడో పేజీ ఉన్నదున్నట్టే ఉంది. "పలువురి పేర్లు". పేజీ తిప్పితే వెనక స్టెన్స్‌గోర్ ఇంటి ఫోటో.

ఒకటి గుడ్రూన్ అత్తకు తీసుకెళ్ళి ఇచ్చాను. ఇవ్వడానికి చేతులు రాలేదు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, పేజీ తీసి చదివింది. తరవాత అడిగింది, "పెన్నుందా?"

అంచున ఖాళీలో మెల్లగా రాసింది: "తండ్రి ఒక్కడే. నీల్స్ క్రిస్టియన్ స్టెన్స్‌గోర్. చూడండి: పంతులు పుస్తకం, 1843. మెట్టె మనవరాలు గుడ్రూన్." సిరా ఆరేదాకా ఊదింది.

"పంతులు పుస్తకం ఎందుకు మిగిలింది? వేరే కప్పు కింద ఉంది కాబట్టి," అంది. "ఇది కూడా అన్ని కప్పుల కిందా ఉండాలి పిల్లా."

పక్క గదిలో ఉండే ఆవిడ తన పుస్తకం పట్టుకొచ్చింది, నా దాంట్లో కూడా రాయమని. తరవాత బేకరీ విగ్గో వచ్చాడు, సమావేశంలో దగ్గిన విగ్గో. తల దించుకుని పుస్తకం బల్ల మీద పెట్టాడు. "నేను కూడా పాడాను, గుడ్రూన్ అత్తా," అన్నాడు. "విన్నాలే, శ్రుతి తప్పింది," అని రాసిచ్చింది. ఆ వేసవంతా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. బడి లైబ్రరీ పుస్తకం టీచరే తెచ్చింది, సిసెల్ బడిలో చేరడానికి రెండు వారాల ముందు. అక్టోబరులో గుడ్రూన్ అత్త నిద్రలోనే పోయింది. అంత్యక్రియల్లో ఇత్తడి స్తంభాల మీద కొవ్వొత్తులు వెలిగించారు. నేను వాటి వంక చూడలేదు.

నవంబరులో ఒక మంగళవారం ప్రేబెన్ సంఘం ఆఫీసుకు వచ్చాడు. కోటు విప్పలేదు. చంకలో పుస్తకం ఉంది.

"ఇది మా ఇంట్లో పుస్తకం," అన్నాడు. "నా సొంత కాపీ. నా పెళ్ళాం కామా దీన్ని సైకిలు మీద పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళిందట. నాకు చెప్పకుండా. ఎప్పుడని అడిగితే జూన్‌లోనే అంటుంది."

"మంచి మనిషి కామా."

"ఇలా పుస్తకాలు పాడు చేయించడం నీ పనే."

"ఏదీ, చూడనీ."

చేతికివ్వడానికి తటపటాయించాడు. నేనే లాక్కున్నాను. అరవై మూడో పేజీ తీస్తే అంచున గుడ్రూన్ అత్త రాత లేదు. ఆ చోట ఒక చిల్లు ఉంది. చాకుతో గీకాడు. పాతకాలపు కాగితం మందంగా ఉండేది, గీకితే ఓర్చుకునేది. ఈ కాలపు కాగితం ఓర్చుకోలేదు. పేజీ తిప్పి చూశాను. చిల్లు అటువైపు స్టెన్స్‌గోర్ ఇంటి ఫోటోలో, సరిగ్గా వీధి తలుపు ఉన్నచోట పడింది.

ఆ చిల్లు చూస్తే ఆనె నాటి చాకే ఆ ఇంట్లో చేతులు మారుతూ వచ్చిందా అనిపించింది.

"నాకు ఇంకో కాపీ కావాలి," అన్నాడు నేలచూపులు చూస్తూ. "శుభ్రమైనది."

బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. మిగిలిన కాపీలన్నీ అందులోనే, అట్టపెట్టెల్లో. తెరిచి పైదొకటి తీసి బల్ల మీద పెట్టాను. అతను అరవై మూడో పేజీ తీశాడు. అంచున నీలం సిరా. పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. నీలం సిరా. పెట్టె అడుగునుంచి లాగాడు. రెండో పెట్టె విప్పాడు.

"పదేసి చొప్పున సైకిలు బుట్టలో తీసుకెళ్ళాను, జూన్ నుంచి సెప్టెంబరు దాకా," అన్నాను. "పొద్దున్నే పది రాసేది, తరవాత పడుకునేది. చివర్లో ఐదేసి. రాయనిది ఒక్కటీ లేదు ప్రేబెన్."

చివరికి ఒకటి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. చిల్లు పడ్డది బల్ల మీదే వదిలేశాడు.

"ఆగు," అన్నాను. పుస్తకం పట్టుకెళ్ళే వాళ్ళు పేరు, తేదీ రాసి సంతకం పెట్టాలని మా సంఘంలో నిబంధన ఉంది. అతను పెట్టిందే. రిజిస్టరు తెరిచి ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చాను.

సంతకం పెట్టాడు.